గుప్పెడు పసుపు

జూన్ 3, మంగళవారం

ఉతికినవి: దుప్పట్లు రెండు, ఆయన చొక్కాలు నాలుగు, తువ్వాళ్ళు. బియ్యం ఏరాను. స్టవ్ విప్పి కడిగాను. ఆయన మందులు వారానికి సరిపడా డబ్బా అరల్లో సర్దాను. డయాలసిస్‌కి తీసుకెళ్ళి తీసుకొచ్చాను. రేడియేటర్‌లో నీళ్ళు: వెళ్ళేముందు రెండు సీసాలు, తిరిగి బయల్దేరేముందు రెండు.

కిందటి నెల వారానికి ఒక సీసా పట్టేది. ఇప్పుడు కారు ఎక్కడ ఆపినా కింద మడుగు. ఆస్పత్రి దగ్గర కాపలా అతను, "ఏంటమ్మా, బండికి పాలు పట్టిస్తున్నారా?" అన్నాడు. నవ్వాను. నవ్వకపోతే చోటివ్వడు.

చిన్నోడికి ఫోన్ చేశాను. నేను ఈ ఇంటికి కాపురానికి వచ్చినప్పుడు మా మరిది ఆరో తరగతి. సాయంత్రాలు వాడికి లెక్కలు నేనే చెప్పేదాన్ని. హెచ్చవేతలు వచ్చేవి, తీసివేతలు వచ్చేవి కావు. ఇప్పుడు సొంత మెకానిక్ షెడ్డు. పంపకాల్లో వాడికి షెడ్డు, మాకు ఈ ఇల్లు.

పిలవగానే వచ్చాడు. ఎప్పుడు పిలిచినా వస్తాడు. బానెట్ ఎత్తి చూసి, "వదినా, గుప్పెడు పసుపియ్యి" అన్నాడు.

"అయ్యో, చెయ్యి కోసుకుందా?"

"నాక్కాదు, నీ బండికి."

నీళ్ళలో కలిపి రేడియేటర్‌లో పోశాడు. చిల్లు దగ్గరికి చేరి గట్టిపడి అదే మూసేస్తుందట. "బజార్లో మందు కొంటే ఐదొందలు. నీ వంటింట్లో ఊరికే దొరుకుతుంటే ఎందుకు?" అన్నాడు. ఊరికే దొరకలేదు. పావుకిలో పొట్లం మొన్ననే కొన్నాను. గుప్పెడన్నది పొట్లమంతా అయింది. ఆ మాట అనలేదు.

"ఎంతివ్వమంటావురా?"

"మనలో మనకి లెక్కలేంటి వదినా! అన్నం పెట్టు, చాలు."

తిన్నాడు. వాళ్ళన్నయ్య పక్కన కూర్చుని నవ్వించాడు. వెళ్తూ వెళ్తూ తన వ్యాన్‌లోంచి ఒక గేర్‌బాక్స్ తెచ్చి ముందుగదిలో దించాడు. "రెండ్రోజులే వదినా."

రెండ్రోజులే అన్నవి ఇప్పటికి ముందుగదిలో టైర్లు పదకొండు, కారు తలుపులు మూడు, అట్టపెట్టెలు కిటికీ పైదాకా, ఇటుకల మీద ఒక ఇంజను. ఇంజను వీధి తలుపుకి అడ్డం. తలుపు నా చెయ్యి పట్టేంత తెరుచుకుంటుంది. అందుకని ఆయన్ని వంటింట్లోంచి, పక్కసందులోంచి తిప్పి కారెక్కిస్తాను. బట్టలుతికే చోట జారుతుంది. ఒక చెయ్యి గోడకి, ఒక చెయ్యి నాకు.

నాకేమీ ఇబ్బంది లేదు. గది ఖాళీగా ఉండేదేగా.

జూన్ 4

కారు కింద పొడిగా ఉంది. చిన్నోడు పనిమంతుడే.

జూన్ 6, శుక్రవారం

డయాలసిస్. నీళ్ళు: ఒక సీసా. వచ్చేటప్పుడు వేడి చూపించే ముల్లు సగం దాటింది. ఆయనకి చెప్పలేదు. ఆయన వెనక సీట్లో పడుకుని ఉన్నారు. కిటికీలు దింపి, మెల్లగా, ముల్లుని చూస్తూ వచ్చాను. రోడ్డుని ఎంత చూశానో నాకే తెలియదు.

పాత న్యూస్‌పేపర్లు అమ్మాను. పసుపు కొన్నాను, పావుకిలో.

జూన్ 9, సోమవారం

గాలిపటాల్లా బట్టలు ఎగిరిపోయాయి, రెండుసార్లు ఉతికాను. కుళాయి వాషర్ నేనే మార్చాను.

రెండు వీధుల అవతల బట్టలు కుట్టే ఆవిడ వచ్చింది. ఆవిడ కొట్టు ఉన్న భవనం పడగొడుతున్నారట. పక్కసందులోంచే వచ్చి, వంటింట్లో కూర్చుంది.

"అక్కయ్యగారూ, మీ ముందుగది వీధిలోకే కదా. నాకిస్తారా? రెండు మిషన్లు, ఒక బల్ల, అంతే. అడ్వాన్సు పన్నెండు వేలు చేతిలో పెడతాను. ఒకటో తారీఖుకి దిగాలి."

అద్దె చెప్పింది. ఆయన మందులకి సరిగ్గా సరిపోతుంది. సరిగ్గా. నేను వెతికి వెతికి ఆ అంకె పెట్టినట్టుంది.

"గదిలో సామాన్లున్నాయి" అన్నాను.

"ఎవరివి?"

"మావాళ్ళవే."

"మీవాళ్ళవైతే ఇంకేం, తీసేయమంటే సరి" అంది. పాపం, ఆవిడకి మావాళ్ళు తెలియదు.

జూన్ 10, మంగళవారం

డయాలసిస్. నీళ్ళు: మూడు సీసాలు. మళ్ళీ కారుతోంది, ఈసారి పచ్చగా. ఆస్పత్రి గచ్చు మీద మరక పడింది. కాపలా అతను వంగి చూసి నావైపు అదోలా చూశాడు.

చిన్నోడు వచ్చాడు. ఈసారి అడగకుండానే పోపుల డబ్బా తీసుకున్నాడు. వాడికి ఆ డబ్బా ఎక్కడుంటుందో చిన్నప్పట్నించీ తెలుసు, బెల్లం పక్కన.

"చిన్నోడా, ఆ ముందుగది..."

"అవునొదినా, గాలి ఆడట్లేదు అందులో. ఒక ఫ్యాన్ బిగిస్తాలే."

"అది కాదురా. సరిగా బాగుచెయ్యాలంటే ఎంతవుతుంది ఈ రేడియేటర్? చెప్పు, ఏదోలా సర్దుతాను."

"నన్నడుగుతావేంటి డబ్బులు! నేను పోయాక అడుగు."

ఆయన మంచం మీంచి, "వాణ్ణి విసిగించకు" అన్నారు.

మొహమాటానికి పోతే ఏదో అయిందని సామెత. పూర్తిగా రాయను. నా విషయంలో అయింది గేర్‌బాక్స్.

వాడు వెళ్ళాక ముందుగదిలోకి వెళ్ళి టైర్ల మధ్య కాసేపు నిలబడ్డాను. కూర్చోడానికి చోటు లేదు. బయట ఎవరో ఐస్ బండివాణ్ణి పిలుస్తున్నారు. అట్టపెట్టెల సందులోంచి వీధి ఒక గీతలా కనిపించింది.

జూన్ 11

నాకు వాడి మీద కోపం లేదు.

జూన్ 12

కోపం లేదు. పసుపు కొన్నాను, పావుకిలో. షాపువాడు "ఇంట్లో ఏదైనా శుభకార్యమా?" అన్నాడు.

పోసే పని ఇప్పుడు నాదే. చిన్నోడు ఫోన్‌లో చెప్పాడు, "నీకొచ్చేసిందిగా వదినా, నువ్వే పోసెయ్." పోశాను.

జూన్ 13, శుక్రవారం

వంతెన ఎక్కుతుండగా ముల్లు చివరిదాకా పోయింది. బానెట్ కింద నించి ఆవిరి. అక్కడ ఆపడానికి చోటు లేదు. అయినా ఆపాను. వెనకాల హారన్లు. ఆయన లేచి కూర్చుని, "ఏమైంది?" అన్నారు. "ఏం లేదు, కొంచెం చల్లారాలి" అన్నాను. మూత తీయకూడదని తెలుసు. తెలిసీ, తుండుగుడ్డ చుట్టి తీయబోయాను, అంత తొందర. మణికట్టు మీద కాలింది. పచ్చటి నీళ్ళు నా చీర మీద, రోడ్డు మీద, పక్కనించి వెళ్తున్న స్కూటరతని మీద.

"ఏవమ్మా, రంగులు చల్లుతున్నావా?" అని అరిచాడతను.

ఆస్పత్రిలో మన మంచం టైము దాటితే వేరేవాళ్ళకి ఇచ్చేస్తారు. చిన్నోడికి ఫోన్ చేశాను. షెడ్డులో పని వదిలేసి, చేతులకి గ్రీజుతో వచ్చాడు. వాళ్ళన్నయ్యని పసిపిల్లాణ్ణి ఎత్తినట్టు రెండు చేతులమీద ఎత్తి వ్యాన్‌లో పడుకోబెట్టాడు. "బరువు తగ్గిపోయావన్నయ్యా" అన్నాడు. అని, మొహం అటు తిప్పుకున్నాడు. టైముకి చేర్చాడు. నా చేతికి మందు కూడా వాడే కొన్నాడు.

ఇలాంటివాణ్ణి ఏమని అడగను?

కారుని తాడుకట్టి లాక్కొచ్చి ఇంటిముందు పెట్టాడు. తాడు కూడా ముందుగదిలోనే పెట్టి వెళ్ళాడు.

జూన్ 14, శనివారం

కూరగాయలు, పాలు, ఇస్త్రీ. కుడిచెయ్యి కట్టుతో ఇస్త్రీ సగమే అయింది.

తోడికోడలు ఫోన్ చేసింది. చెయ్యి ఎలా ఉందని అడిగింది. మంచి పిల్ల. మాటల్లో మాటగా, "అక్కా, ఆ ముందుగది తాళం పాతబడిందట, కొత్తది వేయిస్తానంటున్నారు ఈయన. ఒక తాళంచెవి మీ దగ్గర కూడా ఉంచమన్నాను" అంది.

"మా గదికి మా దగ్గర తాళంచెవి ఉంచమన్నావా?"

 ఆ పిల్ల గొంతు తగ్గించి, "బావగారు మీకు చెప్పలేదా అక్కా? కారు పనులన్నీ ఈయనే చూసుకునేట్టు, గది ఈయనకి వదిలేసేట్టు అనుకున్నారుగా అన్నదమ్ములిద్దరూ. అప్పుడెప్పుడో, డయాలసిస్ మొదలైనప్పుడే" అంది.

సరేనన్నాను. పిల్లల చదువుల గురించి అడిగాను. ఫోన్ పెట్టేశాను.

ధర ఉంది. మొదట్నించీ ఉంది. ఇంట్లో అందరికీ తెలుసు. అడుగుతూ తిరిగిన నాకు తప్ప.

జూన్ 15

గిన్నెలు. అన్నం. మందులు.

జూన్ 16, సోమవారం

ఆయనకి గడ్డం గీస్తూ అడిగాను. కత్తి నా చేతిలో ఉండగా కదల్లేరు, లేచి వెళ్ళలేరు. ఆ సంగతి అడిగాక తట్టింది నాకు.

"గది చిన్నోడికి ఇచ్చేశారటగా."

నురగలోంచి నావైపు చూశారు. 

"ఇచ్చాను."

"నాతో ఒక్క మాట అనొచ్చు కదా?"

"అంటే వద్దంటావు. వద్దంటే, వాడు వచ్చినప్పుడల్లా నేను ఊరికే చేయించుకుంటున్నట్టు ఉంటుంది. వాణ్ణి చూస్తే తలెత్తలేకపోతున్నా. ఇంకేముంది నా దగ్గర ఇవ్వడానికి? జీతమా, ఒంట్లో ఓపికా? ఒక గది ఉంది. ఇచ్చాను."

"మరి వాడు మనలో మనకి లెక్కలేంటి అంటాడే?"

"పుచ్చుకునేవాడు అలాగే అంటాడు. ఇచ్చేవాడు కూడా అలాగే అనాలి, మర్యాద."

మిగతా గడ్డం గీశాను. ఎక్కడా తెగలేదు. ఊరికే తీసుకోలేని జబ్బు నాకొక్కదానికే ఉందనుకున్నాను ఇన్నాళ్ళూ. ఒకే ఇంట్లో, ఒకే మంచానికి అటూ ఇటూ కూర్చుని ఇద్దరం అదే జబ్బు పడ్డాం, ఒకరికొకరు చెప్పుకోకుండా.

జూన్ 17, మంగళవారం

డయాలసిస్‌కి చిన్నోడి వ్యాన్‌లోనే వెళ్ళాం. దారంతా జోకులు వేశాడు. ఆయన నవ్వారు. నేను కిటికీలోంచి బయటికి చూశాను.

సాయంత్రం బట్టలు కుట్టే ఆవిడ దగ్గరికి వెళ్ళాను. ఒకటో తారీఖుకి గది ఇస్తానని చెప్పి పన్నెండు వేలు తీసుకున్నాను. గది ఇంకా నాది కాదు. జీవితంలో మొదటిసారి లేనిదాన్ని అమ్మాను.  ఇంటికొచ్చి నోట్లు బియ్యం డబ్బా అడుగున పెట్టాను.

జూన్ 18, బుధవారం

రేడియేటర్లు మాత్రమే బాగుచేసే కొట్టు ఒకటి రైలుగేటు దాటాక ఉంది. సీసాల్లో నీళ్ళు నింపుకుని, ప్రతి మలుపులో ఆగి, చల్లారేదాకా కూర్చుని, పోస్తూ వెళ్ళాను. ఆయన్ని పక్కింటావిడకి అప్పజెప్పాను.

కొట్టతను రేడియేటర్ విప్పి, పై మూతభాగం ఊడదీసి, లోపల వేలుపెట్టి తీశాడు. వేలికి పచ్చటి ముద్ద.

"ఏంటమ్మా ఇది, రేడియేటరా, పోపుల డబ్బానా? ఆవాలు కూడా వేశారా?"

"పసుపు ఒకటే."

"చిల్లు ఆవగింజంత, పసుపు శేరెడు. సగం గొట్టాలు పూడుకుపోయాయి, మరగక ఏం చేస్తుంది? ఎవరు చెప్పారు పొయ్యమని?"

"మావాళ్ళే" అన్నాను.

"మరే. పగవాళ్ళు చెప్తే వినం కదా." చేతులు తుడుచుకున్నాడు. "ఇత్తడిది కాబట్టి బతికింది. గొట్టాల్లో ఊచ పెట్టి శుభ్రం చెయ్యాలి, కారేచోట టంకం వెయ్యాలి. రెండు వేల ఎనిమిది వందలు."

ఒక్క క్షణం నాకు వినపడలేదనుకుని మళ్ళీ చెప్పాడు. "రెండు వేల ఎనిమిది వందలమ్మా. తగ్గదు."

తగ్గించమని నేను అడగలేదు. బల్ల మీద కూర్చుండిపోయాను. కళ్ళు చెమర్చాయి. ఎక్కువనిపించి ఏడుస్తున్నాననుకున్నాడేమో, "కావాలంటే సగం తర్వాతియ్యండి" అని గొణిగాడు. అతనికేం తెలుసు. ఒక మనిషి నా మొహం చూసి ఒక అంకె చెప్పి ఎన్నాళ్ళయిందో. అంకె ఇస్తాను, వస్తువు తెచ్చుకుంటాను, అక్కడితో సరి. మళ్ళీ అతనెవరో, నేనెవరో.

సాయంత్రానికి అయిపోయింది. ఎక్కడా ఆగకుండా ఇంటికొచ్చాను. ముల్లు సగం కూడా ఎక్కలేదు. కొంచెం దూరం అనవసరంగా తిరిగాను కూడా. ఆ పెట్రోలు ఇంటిఖర్చు కింద రాశాను.

జూన్ 19, గురువారం

చిన్నోడు పొద్దున్నే వచ్చాడు. బానెట్ ఎత్తి, కొత్త టంకం మెరుస్తుంటే చూసి, దించాడు. గట్టిగా దించాడు.

"ఎవరు చేశారు?"

"గేటవతల కొట్టులో."

"నేను చచ్చాననుకున్నావా వదినా? ఎవడో దారినపోయేవాడికి డబ్బులు పోస్తావా? నన్ను పరాయివాణ్ణి చేశావ్."

"పరాయివాడు ధర చెప్పాడురా. నిన్నటి రాత్రి నిద్రపట్టింది నాకు."

మంచం దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన ఎదుటే మాట్లాడాలనుకున్నాను. వెనక మాట్లాడితే మళ్ళీ అదే కథ.

"ఈ రెండేళ్ళలో కారుకి నువ్వు చేసిన పనికి ఎంతో చెప్పు. ఇస్తాను. గది ఖాళీ చెయ్యి."

"మనలో మనకి లెక్కలేంటి..."

"లెక్కల్లేవా?"

"లేవు!"

"ఒట్టు?"

"ఒట్టు."

"లెక్కల్లేకపోతే ఆ గది దేనికింద పోయింది చిన్నోడా? నువ్వు ఊరికే చేశావు. నీ సామాన్లు మేమూ ఊరికే ఉంచాం. ఊరికే తీసేసుకో."

గచ్చు వైపు చూశాడు. చిన్నప్పుడు తీసివేత తప్పుపోయినప్పుడు కూడా అంతే, కింది అంకె వైపు అలాగే చూసేవాడు.

"అన్నయ్యా, చూడు వదిన!"

ఆయన లేచి కూర్చున్నారు. నేను సాయం చేయబోతే వద్దన్నారు. "చిన్నోడా, ఒక అంకె చెప్పరా. నాకోసం చెప్పు. ఏదో ఒకటి చెప్పు."

"పదివేలు!" అన్నాడు వాడు. మమ్మల్ని హడలగొట్టడానికి అన్నాడు. వాడి కళ్ళు ఎర్రబడ్డాయి.

"పదివేలేనా?" అన్నాను. లోపలికి వెళ్ళి తొమ్మిది వేల రెండొందలు తెచ్చి వాడి చేతిలో పెట్టాను. "ఎనిమిది వందలు తక్కువ."

వాడు నోట్ల వైపు చూశాడు. నేను ఉండీ లేనిదాన్నని, నా దగ్గర వంద కూడా తేలదని అనుకుని ఉంటాడు. తర్వాత ఒకలాంటి నవ్వు నవ్వి, "ఆ ఎనిమిది వందలూ నీ పసుపు కింద తగ్గించుకో" అన్నాడు.

"పసుపు మూడు పొట్లాలు. నూట తొంభై. ఇంకా ఆరు వందల పది ఇవ్వాలి నీకు."

"అన్నాలు? నేను తిన్న అన్నాలో?"

"అన్నం లెక్క రాయను" అన్నాను.

ఆ మాటకి వాడు నా వైపు చూసిన చూపు ఎలా ఉందో ఇక్కడ రాయలేను.

మధ్యాహ్నం ఇద్దరు మనుషుల్ని తెచ్చి సామాన్లు తీసేశాడు. తనే మోశాడు ఎక్కువ. ఇంజను కదుపుతుంటే ఒక ఇటుక విరిగింది. అన్నం వండాను, ఐదుగురికి. వాడు తినకుండా వెళ్ళిపోయాడు.

జూన్ 20, శుక్రవారం

డయాలసిస్. నీళ్ళు: లేవు.

ఆయన వీధి తలుపులోంచి బయటికి వచ్చారు. గడప మీద కాసేపు ఆగారు. "ఈ మెట్టు ఇంత ఎత్తుగా ఉండేదా?" అన్నారు.  వచ్చేటప్పుడు, "వాడు ఫోన్ చేశాడా?" అన్నారు.

లేదు.

జూన్ 24, మంగళవారం

డయాలసిస్. నీళ్ళు: లేవు. గది కడిగాను. టైర్ల గుండ్రాలు గచ్చు మీద అలాగే ఉన్నాయి, సోడా వేసి రుద్దినా పోలేదు. వాడు ఫోన్ చెయ్యలేదు.

జూన్ 27

చెయ్యలేదు. పొరపాటున మూడు కంచాలు పెట్టాను.

జూలై 1

బట్టలు కుట్టే ఆవిడ దిగింది. మొదటి నెల అద్దె ఇచ్చింది. మిషన్ చప్పుడు రోజంతా. ఆయనకి నచ్చింది, రైలు పోతున్నట్టుందట. మందులు కొన్నాను. మిగిలిందీ లేదు, తగ్గిందీ లేదు. ఆరు వందల పది మాత్రం పాత డబ్బాలోంచి తీసి విడిగా పెట్టాను.

జూలై 3, గురువారం

ఉతికినవి: చొక్కాలు మూడు, కర్టెన్లు. బియ్యం ఏరాను. కారు తుడిచాను.

వాడికి కబురు పెడితే వచ్చాడు. వీధి తలుపులోంచి వచ్చాడు. చెప్పులు బయటే విడిచాడు, ఎప్పుడూ వంటింటి దాకా వచ్చేవి. వాళ్ళన్నయ్యని పలకరించాడు, ఆరోగ్యం అడిగాడు. జోకులేమీ లేవు. ఆయన వాడి చెయ్యి పట్టుకుని వదల్లేదు కాసేపు.

ఆరు వందల పది ఇచ్చాను. వద్దనలేదు. మనలో మనకి అనలేదు. వేలు తడి చేసుకుని లెక్కపెట్టాడు, మా ముందే, ఒకటి, రెండు. మళ్ళీ ఒకసారి లెక్కపెట్టాడు. తప్పులేదు. నేను నేర్పినట్టే.

"అన్నం తిని వెళ్ళరా. పెట్టేస్తాను" అన్నాను.

"తినొచ్చానండీ. సరిపోయాయి, వస్తానండీ" అన్నాడు.

ఈ ఇంట్లోకి నేను వచ్చినప్పట్నించీ వాడు నన్ను అండీ అనలేదు. దాన్ని జమలో రాయాలో ఖర్చులో రాయాలో తెలియలేదు. ఆయన గోడవైపు తిరిగి పడుకున్నారు.

మరిదికి ఇవ్వవలసినది ఆరు వందల పది. ఇచ్చాను. బాకీ చెల్లు.